ఎడమ చేతిలో కత్తెర

డ్రైవరు సెలూన్ కుర్చీలో చచ్చిపోయాడు. మిట్టమధ్యాహ్నం, మొహం మీద వేడి తువ్వాలుతో, చుట్టూ నలుగురూ కబుర్లాడుకుంటూ ఉండగానే పోయాడు. గడ్డం గీసేవాడు తువ్వాలు తీసి, ఒక చెంప పూర్తిచేసి, "తల కాస్త ఇటు తిప్పండి" అన్నాడు. తిప్పలేదు. కుర్చీలో కునుకు తీసేవాళ్ళని చాలామందిని చూసినవాడు కాబట్టి తనే తిప్పి రెండో చెంప కూడా నున్నగా గీశాడు. లేపబోతే గాని అనుమానం రాలేదు.

చెవి వెనక చిన్న ఎర్రటి చుక్క. పక్క కుర్చీలోంచి ముందే లేచి వెళ్ళిపోయిన మనిషి ఎలా ఉన్నాడని పోలీసులు అడిగితే ఒకడు పొడుగన్నాడు, ఇంకొకడు పొట్టన్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నామని ఒట్టేశారు.

ఆ వార్త చేరేసరికి స్కాలర్ యూనివర్సిటీ క్యాంటీన్‌లో చల్లారిపోయిన టీ ముందు కూర్చుని ఉన్నాడు. స్కాలర్ అనేది ఏజెన్సీ పెట్టిన పేరు. అసలు పేరు వాడి చాలా కాలమైంది. ఎవరైనా పిలిస్తే తిరిగి చూస్తాడో లేదో అతనికే అనుమానం. పైకి అతను విజిటింగ్ స్కాలర్, శరణార్థుల చట్టం మీద పరిశోధనకని ఈ దేశం వచ్చిన పెద్దమనిషి. మోచేతుల దగ్గర మాసికలు వేసిన కోటు, నెరిసిన గడ్డం, భుజాన సంచి, కళ్ళజోడు, అన్నీ మారువేషాల సెక్షన్ ఇచ్చినవే. వచ్చినప్పుడు ఆ కళ్ళజోడుకి ఉత్త అద్దాలు. ఇప్పుడు పవర్ లేకపోతే అక్షరం కనిపించదు. గడ్డం కూడా మొదట్లో రంగు వేసి నెరిపించినదే. ఆ రంగు కొనడం మానేసి చాలా కాలమైంది.

"పేపర్ ఎంతవరకొచ్చింది?" అంది ఫోన్లో గొంతు. గైడ్. లోకానికి ఆయన రీసెర్చి గైడ్. అసలుకి ఏజెన్సీలో ఆపరేషన్స్ చీఫ్.

"సాగుతోంది సర్."

"రెండో చాప్టర్ పోయింది."

చాప్టర్ అంటే సాక్షి. స్కాలర్ కళ్ళజోడు తీసి కళ్ళు నలుముకున్నాడు.

"ఎలా?"

"ఫుట్‌నోటే. మొదటి చాప్టర్‌కి పడిన చోటే, చెవి వెనక."

ఫుట్‌నోట్ అంటే హంతకుడు. ఈ కోడ్ పెట్టినవాడు జన్మలో థీసిస్ రాసి ఉండడు. రాసి ఉంటే, ఫుట్‌నోటు మనిషిని అంత తొందరగా చంపదని తెలిసేది.

"ఇక మిగిలింది మూడోది ఒక్కటే. కోయిల నీకు తోడుంటుంది. జాగ్రత్త."

"సర్, ఈ నెలతో నా వీసా అయిపోతుంది. ఇంటికి వచ్చెయ్యొచ్చన్నారు."

"ఎక్స్‌టెన్షన్ పెట్టుకో."

ఎక్స్‌టెన్షన్‌కి కోడ్ అర్థం ఏమీ లేదు. దాని అర్థం అదే.

కేసు సంగతి ఇది. ప్రాణభయంతో దేశాలు దాటి పారిపోయినవాళ్ళ ఆచూకీ కనిపెట్టి, వాళ్ళు ఎవరికి భయపడి పారిపోయారో సరిగ్గా వాళ్ళకే అమ్మే ముఠా ఒకటుంది. దాని నాయకుణ్ణి బ్రోకర్ అంటారు. ఏజెన్సీ మనుషుల పేర్లు కూడా అమ్మడం మొదలెట్టాక గాని ఏజెన్సీకి శరణార్థుల మీద జాలి పుట్టలేదు. బ్రోకర్ ఒక ఆస్పత్రిలో రహస్యంగా మొహం మార్పించుకున్నాడు. ఆ కొత్త మొహాన్ని చూసినవాళ్ళు ముగ్గురు. సర్జన్ ముందే పోయాడు. ఆస్పత్రి నుంచి కారులో తీసుకెళ్ళిన డ్రైవరు ఇప్పుడు పోయాడు. మిగిలింది కట్లు విప్పిన నర్సు. ఆమె ఈ ఊరికే పారిపోయి వచ్చి, శరణు కోసం దరఖాస్తు పెట్టుకుని, ట్రిబ్యునల్ పిలుపు కోసం ఎదురుచూస్తోంది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి అక్క.

"ఏరా, ఆ పేపరేదో అయిందా?"

"లేదక్కా. ఇంకా ఉంది."

"ఏం పేపర్రా అది? మీ బావ ఆ టైములో ఇల్లు కట్టించేశాడు. పోనీలే, వేళకి తింటున్నావా? గొంతేంటి అలా ఉంది?"

"బాగానే ఉన్నానక్కా."

"ఏం బాగో. అందరికీ చెప్పుకుంటున్నాను, మా తమ్ముడు రెఫ్యూజీల కోసం ఫారిన్‌లో రీసెర్చి చేస్తున్నాడని. త్వరగా వచ్చెయ్ నాన్నా."

అబద్ధం చెబుతున్నందుకు అతనికి మనసు చివుక్కుమంది. ఎన్నేళ్ళయినా ఆ చివుక్కుమనడం మాత్రం పోలేదు.

న్యాయ సహాయ కేంద్రం ఒక లాండ్రీ పైన ఉంది. కింద యంత్రాలు తిరిగినప్పుడల్లా పైన బల్ల వణుకుతుంది. వణికే ఆ బల్ల ముందు కూర్చునే మనుషులు తమ ప్రాణం మీదకొచ్చిన సంగతులు చెప్పుకోవాలి. స్కాలర్ పని మూలన కూర్చుని వినడం. విన్నదాన్ని రాసుకోవడానికి పెన్ను మాత్రం ఎప్పుడూ అరువే. సాంకేతిక విభాగం ఇచ్చిన పెన్నులో మనిషిని నిద్రపుచ్చే సూది ఉంది, సిరా లేదు. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా వాళ్ళకి ఎక్కలేదు.

శరణు అడిగినవాడు తన కథ ఒకసారి చెబితే సరిపోదు. వచ్చిన రోజు ఆఫీసరుకి చెప్పాలి, తర్వాత లాయరుకి, చివరికి ట్రిబ్యునల్ జడ్జికి. మాటకీ మాటకీ తేడా వస్తే 'నమ్మదగినది కాదు' అని ఒక ముద్ర పడుతుంది. ఆ ముద్ర పడ్డవాణ్ణి తిరుగు విమానం ఎక్కిస్తారు. స్కాలర్ పేపర్ సరిగ్గా దీని మీదే. భయపడిన మనిషి జ్ఞాపకం ఇస్త్రీ చొక్కాలా ఉండదు, నిజం చెప్పేవాడే ఎక్కువ తడబడతాడు అని వాదన. కవర్ కోసం మొదలెట్టిన పేపరే. కాని వినగా వినగా అది అతనికి నిజంగానే పట్టుకుంది.

ఆ తడబాటులో నర్సుని మించినవాళ్ళు లేరు.

"అమ్మా, పోయినసారి కట్లు విప్పింది పొద్దున అన్నారు. ఇప్పుడు సాయంత్రం అంటున్నారు" అన్నాడు లాయరు, తల పట్టుకుని.

"పొద్దున్నే అనుకుంటా బాబూ. దీపాలు వెలుగుతున్నాయి. ఆస్పత్రిలో దీపాలు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి కదా."

"గదిలో ఇద్దరున్నారా, ముగ్గురా?"

"ఆయన్ని లెక్కేస్తే ముగ్గురు. ఆ రోజు ఆయన్ని మనిషి కింద లెక్కేయాలనిపించలేదు."

ఏభై దాటిన మనిషి. మాట్లాడుతున్నంతసేపూ కుడి చేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఉంటాయి, తన నాడి తనే చూసుకుంటున్నట్టు. ఆ కొత్త మొహం ఎలా ఉంటుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. శరణు ఇచ్చినట్టు కాగితం చేతికొచ్చాకే చెబుతానంది. "ముందే చెప్పేస్తే ఆ తర్వాత నాతో ఎవరికి పని?" అంది. తప్పుపట్టడానికి లేదు. వెనక్కి పంపితే విమానం దిగిన చోటే ఆమె ప్రాణం పోతుంది.

ఆమె మాటల్ని లాయరుకి చెప్పేది దుబాసీ. ఆ దుబాసీ గదిలోకి వస్తే లాయరు టై సర్దుకునేవాడు, కింద లాండ్రీ యజమాని పనిలేకపోయినా పైకొచ్చేవాడు. బూడిదరంగు సూటు, చెవులకి ముత్యాలు, తేనెలో ముంచి తీసినట్టుండే గొంతు. ఆమే కోయిల. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. నిజానికి మన మనిషి అని గైడ్ అనుకుంటున్నాడు. ఈ దేశంలో స్కాలర్ పేపర్ అడిగి తీసుకుని చదివింది ఆమె ఒక్కతే. "మూడో భాగం మళ్ళీ మళ్ళీ చదివానండి" అన్న రోజున అతను ఆనందం పట్టలేక క్యాంటీన్‌లో వేడి టీ తాగాడు.

నర్సు భాష స్కాలర్‌కి వచ్చు. అందుకే అతన్ని పంపారు. వచ్చన్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు, కోయిలకి కూడా. ఎవరికీ చెప్పొద్దన్నది గైడ్ ఆజ్ఞ. కళ్ళముందు ఆ మనిషి నలిగిపోతుంటే ఒక్క మంచి మాట కూడా ఆమె భాషలో అనలేకపోవడం అతనికి ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని.

నర్సు తర్వాత దర్జీ వచ్చాడు. నర్సు దేశం నుంచే పారిపోయి వచ్చానన్నాడు. బక్కపల్చటి మనిషి, వినయంగా చేతులు కట్టుకుని చెప్పాడు.

"సాయంత్రం. కొట్టు మూయబోతున్నా. పిల్లాడికి జ్వరం, మా ఆవిడ లోపల వాడి దగ్గర ఉంది. నా కుడి చేతిలో కత్తెర ఉంది. కాదు, ఎడమ చేతిలో. కుడి చేత్తో గొళ్ళెం పట్టుకున్నా. అప్పుడు తలుపు తట్టారు."

ఆ 'కాదు' దగ్గర స్కాలర్ గుండె కరిగిపోయింది. అబద్ధమాడేవాడికి కత్తెర ఏ చేతిలో ఉంటే ఏం? ఇదిగో, నా పేపర్‌కి ప్రాణం ఉన్న ఉదాహరణ అనుకున్నాడు. లాయరు కూడా సంతోషించాడు. తారీకులు, మనుషులు, తలుపులు, ఒక్కటీ తేడా లేదు.

ఇద్దరి విచారణా ఒకేరోజు పడింది. ముందు దర్జీ, తర్వాత నర్సు.

ట్రిబ్యునల్ గది చిన్నది. ఎత్తైన బల్ల వెనక జడ్జి. ఎదురుగా దరఖాస్తుదారు కుర్చీ. పక్కనే మైకు ముందు దుబాసీ. దరఖాస్తుదారు హెడ్‌ఫోన్ పెట్టుకుని జడ్జి ప్రశ్నల్ని తన భాషలో వింటాడు. అతని జవాబుల్ని ఆమె మైకులో జడ్జికి అప్పటికప్పుడే చెబుతుంది. పరిశీలకుడిగా వెనక కూర్చునే స్కాలర్ నోరు మెదపనని సంతకం పెట్టి మరీ లోపలికి రావాలి. అదీ గుమ్మం దగ్గర గార్డు పెన్నుతో.

దర్జీ కథ మొదలైంది. సాయంత్రం, కొట్టు, పిల్లాడికి జ్వరం. పొల్లుపోకుండా అవే మాటలు. స్కాలర్ అలవాటుగా రెండు భాషలూ రెండు చెవులతో వింటున్నాడు.

"నా కుడి చేతిలో కత్తెర ఉంది" అన్నాడు దర్జీ.

"కుడి చేతిలో కత్తెర ఉంది. కాదు, ఎడమ చేతిలో" అంది మైకులో దుబాసీ.

"కాదు, ఎడమ చేతిలో" అన్నాడు దర్జీ.

గదిలో ఎవరూ కదల్లేదు. జడ్జికి ఆ భాష రాదు, దర్జీకి ఈ భాష రాదు. మనిషి తడబడకముందే అతని తడబాటు ఆమె నోట్లోంచి వచ్చేసిందని తెలిసింది స్కాలర్ ఒక్కడికే. అనుభవమున్న దుబాసీలందరూ వాక్యం పూర్తికాకముందే అది ఎటు పోతుందో ఊహించి అందుకుంటారు. ఎదుటివాడు పప్పులో కాలేస్తాడని ముందే తెలియాలంటే మాత్రం, ఆ పప్పు వండింది తనే అయివుండాలి.

స్కాలర్‌కి భయం కంటే ముందు అలసట ముంచుకొచ్చింది. ఇన్ని పేజీలు రాసి, చివరికి తనే బుట్టలో పడ్డాడు.

జడ్జి కాగితాలు మూశాడు. "మీ వాంగ్మూలాలన్నీ చక్కగా సరిపోతున్నాయి. శరణు మంజూరు చేస్తున్నాను" అన్నాడు.

దర్జీ దణ్ణం పెట్టాడు. హెడ్‌ఫోన్ తీసి, జడ్జి ఉత్తర్వు రాసి సంతకం పెట్టేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తర్వాత దాన్ని రెండు చేతులా పట్టుకుని భద్రంగా దుబాసీకి అందించి బయటికి నడిచాడు. బయట బెంచీ మీద నర్సు ఉంది. స్కాలర్ సంచి అందుకుని అతని వెనకే పరుగులాంటి నడక నడిచాడు.

వరండాలో దర్జీ నర్సుకి దగ్గరగా వెళుతున్నాడు. అదే క్షణంలో గార్డు ఆమెను లోపలికి పిలిచాడు. ఆమె లేచి వెళ్ళిపోయింది. దర్జీ ఆగకుండా మెట్లవైపు తిరిగాడు. స్కాలర్ అభినందిస్తున్నట్టు అతని భుజం మీద చెయ్యి వేసి, మెడ దగ్గర పెన్ను నొక్కాడు. దర్జీ కళ్ళు తేలేశాడు. స్కాలర్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి గోడకి ఆనించాడు. ఇటు వచ్చేవాళ్ళు, అటు పోయేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ వరండాలో కూర్చున్నచోటే నిద్రపోయే మనిషిని వింతగా చూసేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

గబగబా జేబులు వెతికాడు. కత్తి లేదు, తుపాకి లేదు, విషం సీసా లేదు. వంకీ తిరిగిన కుట్టు సూది ఒకటి, బూడిదరంగు దారపు ఉండ ఒకటి ఉన్నాయి.

బూడిదరంగు. హెడ్‌ఫోన్ మెత్తలు బూడిదరంగు. చెవి వెనక.

ఆ హెడ్‌ఫోన్ ఇప్పటిదాకా దర్జీ చేతిలోనే ఉంది. స్కాలర్ ఒక్క గెంతులో తలుపు దగ్గరికొచ్చాడు. తలుపు పైన ఎర్ర బల్బు వెలిగింది.

"విచారణ మొదలైంది సర్. ఇప్పుడు వెళ్ళకూడదు" అన్నాడు గార్డు.

"పెన్ను మర్చిపోయాను."

"చేతిలోనే ఉంది కదండీ."

"ఇది రాయదు."

ఆ గొంతులో ఇన్నేళ్ళ విసుగంతా ఉంది. గార్డు ఇంకేమీ అడక్కుండా తలుపు తీశాడు.

నర్సు కుర్చీలో కూర్చుంది. దుబాసీ వెనక నిలబడి, ముత్యాలు మెరుస్తుండగా, హెడ్‌ఫోన్ వెడల్పుగా సాగదీసి ఆమె తల మీదకి దించుతోంది. ప్రతిసారీ ముందు తన చెవికి ఆనించుకుని 'హలో' అని చూసుకునే మనిషి, ఈసారి చూసుకోలేదు.

"అక్కా, అది పెట్టుకోకు" అన్నాడు స్కాలర్, నర్సు భాషలో.

నర్సు చటుక్కున తల పక్కకి తీసింది. మెత్త ఆమె జుట్టుని రాసుకుంటూ పోయింది. దుబాసీ చేతులు గాలిలో ఆగిపోయాయి.

"పరిశీలకులు మాట్లాడకూడదు" అన్నాడు జడ్జి కోపంగా. తర్వాత దుబాసీ వైపు తిరిగాడు. "ఇంతకీ ఏమన్నారాయన?"

గదిలో ఆ భాష వచ్చినవాళ్ళు ముగ్గురు. చెప్పవలసిన ఉద్యోగం ఆమెది. ఒక్క క్షణం ఆలోచించింది. వృత్తి మీద గౌరవమో, ఇక లాభం లేదనో తెలియదు గాని, ఉన్నది ఉన్నట్టే చెప్పింది.

"పెట్టుకోవద్దన్నారు సర్."

"ఎందుకని?"

"దాన్ని టెస్ట్ చెయ్యలేదు" అన్నాడు స్కాలర్, ఈసారి జడ్జికి అర్థమయ్యే భాషలో. "పరికరం సరిగ్గా ఉందని దుబాసీ ముందు తను పెట్టుకుని చూడాలని మీ రూల్స్‌లోనే ఉంది సర్. ఒక్కసారి చూడమనండి."

"రూలుంది" అని ఒప్పుకున్నాడు జడ్జి. "కానివ్వండమ్మా."

దుబాసీ చేతిలోని హెడ్‌ఫోన్ వంక చూసింది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసి, కుర్చీలో కూర్చుని, చెవుల ముత్యాలు తీసి సంచిలో వేసుకుంది.

"ఇవాళ నాకు తలనొప్పిగా ఉంది" అంది.

స్కాలర్ మెత్తకి వేసిన కొత్త కుట్లు ఊడదీశాడు. లోపల సన్నటి సూది. నొక్కుకుంటే బయటికి వచ్చేలా స్ప్రింగుతో కుట్టాడు మహానుభావుడు. దర్జీ అన్నది మాత్రం అబద్ధం కాదన్నమాట. గార్డులు వచ్చి దుబాసీకి చెరోపక్కా నిలబడ్డారు.

వెళ్ళేముందు ఆమె స్కాలర్ దగ్గర ఆగింది. "మీకు మా భాష వచ్చా?"

"వచ్చు."

"ఎక్కడ దొరికాను?"

"కత్తెర దగ్గర. వాడికంటే ముందు నువ్వు దిద్దావు."

ఆమె నిట్టూర్చింది. ఆమెకీ అలసటే. "నిజం చెప్పేవాడు తడబడతాడని మీరే రాశారు కదా. చదివాకే వాడికి ఆ తడబాటు నేర్పాను. నిజంగా మంచి పేపరండీ" అంది.

ఇన్నేళ్ళలో అతని పరిశోధనకి దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.

ఇంకో దుబాసీని తెప్పించి విచారణ సాగించారు. నర్సు ఈసారి కట్లు విప్పింది మధ్యాహ్నం అంది. లాయరు కళ్ళు మూసుకున్నాడు. జడ్జి పాత వాంగ్మూలాలు తిరగేశాడు, తలుపు వైపు చూశాడు. ఆ తలుపు అవతల, తను ఇందాకే శరణు ఇచ్చిన మనిషి బెంచీ మీద గురక పెడుతుంటే పోలీసులు బేడీలు వేస్తున్నారు. జడ్జి ఆ వాంగ్మూలాలు మూసి పక్కన పెట్టాడు.

"పొద్దునో, సాయంత్రమో" అన్నాడు చివరికి. "మంజూరు చేస్తున్నాను."

కాగితం చేతికొచ్చాక నర్సు మణికట్టు మీది వేళ్ళు తీసింది. ఆ మొహం ఎలా ఉంటుందో పోలీసు చిత్రకారుడి పక్కన కూర్చుని చెప్పింది. అందులో ఒక్క తడబాటు లేదు. బయటికొచ్చి స్కాలర్ ముందు నిలబడింది.

"మా భాష వచ్చుండి ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదు తమ్ముడూ? నాతో మాట్లాడేవాళ్ళే లేరని ఎంత ఏడ్చానో తెలుసా?"

అతను కళ్ళజోడు మసకబారితే తీసి తుడుచుకున్నాడు. "తప్పే అక్కా" అన్నాడు. అంతకంటే గొప్ప మాట ఏ భాషలోనూ తోచలేదు.

కొన్నాళ్ళకి బ్రోకర్ ఒక హోటల్లో, కొత్త మొహానికి క్రీము రాసుకుంటూ దొరికాడు. ఏజెన్సీ నుంచి విచారణ అధికారి వచ్చి స్కాలర్ దగ్గర జరిగిందంతా మూడుసార్లు రాయించుకుని వెళ్ళాడు. తర్వాత క్యాంటీన్‌లో, చల్లారిపోయిన టీ ముందు, గైడ్ ఫోన్ వచ్చింది.

"ఏంటయ్యా ఇది? ఒకదాంట్లో నర్సు తల ఎడమవైపు తీసిందని రాశావు, ఇంకోదాంట్లో కుడివైపు. ఒకదాంట్లో నువ్వు గెంతావు, ఇంకోదాంట్లో నడిచావు. మూడూ పొసగడం లేదు, నమ్మదగినవి కావు అని రిపోర్ట్ వచ్చింది."

"అవును సర్."

"ఏం చేద్దాం మరి?"

"అప్పీలు చేసుకుంటాను సర్. ఆ చట్టం నాకు బాగానే వచ్చు."

"అది తేలేదాకా అక్కడే ఉండు. ఎక్స్‌టెన్షన్ పెట్టుకో."

పెట్టుకున్నాడు. ఎందుకు, ఏమిటని ఒక్క ప్రశ్న వెయ్యకుండా వీసా ఆఫీసువాళ్ళు మంజూరు చేసేశారు. వాళ్ళకి మొదటి రోజు నుంచీ అతను చెబుతున్నదంతా అబద్ధమే. ఏనాడూ ఒక్క ముక్క తేడా రాలేదు.